కారణాల గది

మా యుద్ధ మ్యూజియంలో దారి చూపే బాణాలన్నీ తిరగబడ్డాయి. అవి తిరగబడ్డందుకే ఆ మ్యూజియం చూడదగ్గదయిందని నేను ఎవరి ముందైనా అంటాను. డైరెక్టరు గారి ముందు కూడా అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారే తప్ప కాదనలేదు.

మ్యూజియం ఉన్నది పాత నూలు మిల్లులో. పొడుగాటి గదులు నాలుగు, ఒకదాని వెనక ఒకటి. రెండు చివర్లా వీధిలోకి తలుపులున్నాయి. మరలను ఎప్పుడో పీకేశారు గానీ, అవి నిలబడ్డ చోట నేల మీద నూనె మరకలు అలాగే ఉన్నాయి. వాటిని కడగనివ్వకుండా నేనే పట్టుబట్టాను. యుద్ధం రోజుల్లో ఈ మిల్లును నడిపింది ఆడవాళ్ళు. మా అమ్మ ఇప్పటి మూడో గదిలో మర దగ్గర నిలబడి పనిచేసింది. ఆ మరకల్లో కొన్ని ఆమె చెప్పులకు అంటుకుని మా ఇంటి దాకా వచ్చే ఉంటాయి.

నా పని వస్తువులు అమర్చడం. ఏది ఏ గోడకు ఉండాలి, ఎంత ఎత్తులో ఉండాలి, దీపం ఎటునుంచి పడాలి, అన్నీ నా చేతిలోవే. వస్తువు పక్కన పెట్టే అట్టముక్క మీది మాటలు కూడా నావే. డైరెక్టరు గారు రాసిస్తే పేజీన్నర అవుతుంది, నేను దాన్ని నాలుగు వాక్యాలకు కుదిస్తాను. ఆయన చరిత్ర ప్రొఫెసరు. ఊళ్ళో అందరూ ఆయన్ని కారణాల మాస్టారు అంటారు, ఎందుకంటే టీ చల్లారిపోయిందన్నా సరే, వేళ్ళు మడిచి కారణాలు చెప్పడం మొదలుపెడతారు. మంచి మనిషే. రోజుకొక్కసారైనా మాటామాటా అనుకోకపోతే మా ఇద్దరికీ తోచదు.

గదుల వరస ఆయనదే. మొదటిది కారణాల గది. రెండోది పోరు. మూడోది ఊళ్ళూ ఇళ్ళూ ఏమైపోయాయో చూపించే గది. నాలుగోది సాహిత్యం. కారణం ముందు, ఫలితం వెనక అని ఆయన లెక్క. యుద్ధం అంతా అయిపోయాక ఊపిరి పీల్చుకుని మనుషులు రాసుకున్నది సాహిత్యం కాబట్టి అది చివర ఉండాలన్నారు. అప్పుడు నాకూ అది సబబుగానే తోచింది.

ఆ నాలుగో గదిలోనే మా అత్త పాట ఉంది. అత్త అంటే మా నాన్నకు అక్క. అమ్మ పనికి వెళ్తే నన్ను పెంచింది ఆవిడే. యుద్ధానికి ముందు, బళ్ళో కొత్తగా పంతులమ్మగా చేరిన రోజుల్లో, ఏదో సభ కోసమని ఒక పాట రాసింది. "అడుగెయ్యరా తమ్ముడా, కనుమ పిలిచింది" అని మొదలవుతుంది. మనకూ పక్క దేశానికీ మధ్య ఉన్న కొండ కనుమ ఎవరిదన్న తగాదా అప్పుడే రాజుకుంటోంది. పాట సభలోంచి రేడియోలోకి వెళ్ళింది. రేడియోలోంచి బళ్ళలోకి, బళ్ళలోంచి రైలు స్టేషన్లలోకి వెళ్ళింది. అప్పటినుంచి అత్త అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. కూరగాయల కొట్టు దగ్గరా పాటమ్మే, ఆసుపత్రిలోనూ పాటమ్మే.

ఆ పాట పాడుకుంటూ రైలెక్కినవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు. తిరిగి రాలేదు. నాకప్పటికి నడక కూడా రాలేదు. నాన్న రైలింజన్ల షెడ్డులో మెకానిక్కు, ఆ పనివాళ్ళను సైన్యంలోకి పిలిచేవారు కాదు. అయినా వెళ్ళాడు. "పిలవకుండానే వెళ్ళాడు" అని మా అమ్మ ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నేనూ బళ్ళో తల ఎగరేసి అదే చెప్పేదాన్ని. మా ఇంట్లో గొప్పగా చెప్పుకోడానికి ఉన్నది ఆ ఒక్క మాటే.

మ్యూజియం తెరిచే రోజున అత్తకు సన్మానం ఏర్పాటైంది. గుమ్మం ముందు బడిపిల్లలు ఆమె పాట పాడతారు, ఊరంతా లేచి నిలబడుతుంది. ఇది నేను పట్టుబట్టి చేయించిన ఏర్పాటు. ఎనభై దాటిన మనిషి. నన్ను పెంచిన మనిషి. ఊరు ఆమెకు చప్పట్లు కొడుతుంటే కళ్ళారా చూడాలన్నది నా ఆశ. దానికి అడ్డు వచ్చేది ఆమేనని నాకు కలలో కూడా తట్టలేదు.

ఇక బాణాల సంగతి. మొదట గదులకు మధ్య అద్దాల గోడలు పెడదామనుకున్నాం. అద్దానికి వెనకవైపు అంటించే స్టిక్కరు బొమ్మను తిరగేసి కోయించాలి, అప్పుడే ముందునుంచి చూసేవాళ్ళకు సరిగ్గా కనబడుతుంది. మా పనిలో ఇది ఓనమాలు. గోడ పొడుగునా వెళ్ళే పట్టీ ఒకటి గీశాను. వరసగా నిలబడిన నూలుకండెలు, రెండేసి కండెల మధ్య ఒక బాణం. తిరగేసి కోయమని స్టిక్కర్ల అతనికి చెప్పాను. అతను కోసేశాక, అద్దాల బరువు ఈ పాత నేల ఆపలేదని ఇంజనీరు తేల్చాడు. మామూలు గోడలే గతి అయ్యాయి. అక్షరాలున్న స్టిక్కర్లు తిరగబడి కనిపించాయి కాబట్టి వాటిని పక్కన పడేసి కొత్తవి చేయించాను. పట్టీ మీద అక్షరాలు లేవు. కండె ఎటునుంచి చూసినా కండెలాగే ఉంటుంది. వడ్రంగి కండెలు నిలువుగా ఉన్నాయో లేదో చూసుకుని మిల్లు పొడుగునా అంటించుకుంటూ పోయాడు. నేను నాలుగో గదిలో దీపాలతో కుస్తీ పడుతున్నాను. బాణాలన్నీ వెనక్కి చూస్తున్నాయని మాలో ఒక్కరం కూడా గమనించలేదు.

తెరిచే ముందు రోజు వస్తువులిచ్చినవాళ్ళది. ఎవరి ఇంట్లోంచి వస్తువు వచ్చిందో వాళ్ళు అందరికంటే ముందు వచ్చి చూసుకోవాలి, అది మేం పెట్టుకున్న పద్ధతి. మధ్యాహ్నం అత్త చేతికర్ర ఊపుకుంటూ వచ్చింది. ముఖద్వారం దగ్గర మొదటి బాణం ఆమెకు వీధినే చూపించింది. ఇంకొకరైతే నవ్వుకుని లోపలికొచ్చేవారు. మా అత్త జన్మంతా పిల్లల్ని వరసలో నడిపించిన మనిషి. బాణం చెప్పింది కదా అని మిల్లు చుట్టూ తిరిగి వెనక తలుపులోంచి నాలుగో గదిలోకి వచ్చింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ అలాగే వచ్చారు. అప్పటికి గానీ నా తప్పు నాకు తెలియలేదు. డైరెక్టరు గారు పరుగెత్తుకొచ్చేసరికి జనం లోపల ఉన్నారు, వాళ్ళను మళ్ళీ బయటికి తోలడం ఎలాగో ఆయనకు తోచలేదు.

సాహిత్యం గది నాకు ప్రాణం. యుద్ధానికి ముందటి నవలలు అక్కడ ఇటుకల్లా లావుగా ఉంటాయి. బండి ఊరు దాటడానికే నలభై పేజీలు పట్టే నవలలు. యుద్ధం తర్వాతివి అరచేతిలో ఇమిడిపోతాయి. కాగితం దొరక్క అని కొందరు, మాట పెగలక అని కొందరు వాదించుకుంటారు. రెండూ నిజమేనని అట్ట మీద రాశాను. ప్రేమకవితలు రాసే ఒకాయన యుద్ధంనుంచి తిరిగొచ్చాక పదేళ్ళపాటు వంటింటి సామాన్ల మీద తప్ప దేని మీదా రాయలేదు. ఆ గిన్నెల పద్యాలు నాకు కంఠతా వచ్చు. వాటి పక్కనే మూడు ఒకటో తరగతి వాచకాలు పెట్టాను, మూడూ ఒకే పేజీ దగ్గర తెరిచి. యుద్ధానికి ముందుదాంట్లో "నాన్న పండు తెచ్చాడు" అని ఉంటుంది. యుద్ధం నాటిదాంట్లో "నాన్న గెలుపు తెస్తాడు" అని. తర్వాతిదాంట్లో "అమ్మ పండు తెచ్చింది" అని. నేను చదువు నేర్చుకున్నది ఆ మూడోదాంట్లో.

అత్త ఆ వాచకాలను పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు చూసింది. తర్వాత తన పాట దగ్గరకు వెళ్ళింది. గది మొత్తంలో మంచి గోడ, మెత్తటి వెలుతురు, నల్లచెక్క ఫ్రేము. బాగుందే, దీపం కాస్త ఎక్కువైంది అంది. నేను పొంగిపోయాను. అక్కడితో సన్మానం సగం అయిపోయినట్టే అనిపించింది.

మూడో గదిలో కొయ్యకాళ్ళు ఉన్నాయి, రేషను కార్డులు ఉన్నాయి. సగం బల్లలు ఖాళీగా ఉన్న బడి ఫొటో ఉంది. మరల దగ్గర వరసగా నిలబడ్డ ఆడవాళ్ళ ఫొటోలో మా అమ్మ ఎక్కడుందో అత్త కర్రతో చూపించింది. రెండో గదిలో రైలు స్టేషను ఫొటో ఉంది. కిటికీల్లోంచి తలలు బయటపెట్టి కుర్రాళ్ళంతా పాడుతున్నారు. నోళ్ళన్నీ ఒక్కలాగే తెరుచుకుని ఉన్నాయి, అందరూ పాటలో ఒకే చోట ఉన్నారన్నమాట. మూడో కిటికీలో మా నాన్న ఉన్నాడు. అత్త ఆ ఫొటో ముందు ఎంతసేపు నిలబడిందంటే, వెనకవాళ్ళు పక్కనుంచి సర్దుకుని వెళ్ళాల్సి వచ్చింది. పెదాలు కదిలించింది. ఏ మాట దగ్గర ఉన్నారో చూసుకుంటోందని నాకు అర్థమైంది.

అలా ఇవన్నీ చూసుకుంటూ అందరూ చివరికి కారణాల గదికి చేరారు. అది డైరెక్టరు గారి గుండెకాయ. ఒప్పందాల నకళ్ళు, మంత్రుల సంతకాలు, కొత్త రైలు మార్గం పటాలు, గోధుమల పన్ను మీద తగువు, పత్రికల్లో కారాలూ మిరియాలూ నూరిన సంపాదకీయాలు అన్నీ ఉన్నాయి. నడిమధ్యలో కనుమ నమూనా, మట్టితో చేయించింది, ఒక మంచమంత ఉంటుంది. ముందునుంచి వస్తే ఈ గదిని జనం పాఠంలా చూసి గబగబా దాటేసేవారని నేను పందెం కాస్తాను. కొయ్యకాళ్ళు చూసొచ్చినవాళ్ళు దాటలేదు. తండ్రి కొయ్యకాలు ఇచ్చిన ఒకాయన ఆ మంచమంత కనుమను చుట్టూ తిరిగి చూసి, ఇంతేనా అని డైరెక్టరు గారిని అడిగారు. మాస్టారు వేళ్ళు మడవడం మొదలుపెట్టి, మొదటి వేలి దగ్గరే ఆగిపోయారు. ఆయన అలా ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

అత్త స్టూలు తెప్పించుకుని కూర్చుంది. నాలుగు గోడలూ నింపాదిగా చదివింది. చదివి, ఇందులో ఒకటి తగ్గిందని తీర్పు చెప్పింది.

డైరెక్టరు గారు కంగారుగా ఏది తగ్గిందని అడిగారు. ఆ చివరి గదిలో ఉన్న తన పాట, అది ఇక్కడికి రావాలంది అత్త. ఆయన మర్యాదగానే వివరించారు. పాట అంటే సాహిత్యం, సాహిత్యం యుద్ధం వల్ల వచ్చింది గానీ యుద్ధం సాహిత్యం వల్ల రాలేదు అని. అత్త ఆయన్ని పాఠం ఒప్పజెప్పలేని పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. యుద్ధం ప్రకటించింది ఎండాకాలంలో, తన పాట అంతకుముందు చలికాలంలోనే వీధివీధినా మోగింది. ముందొచ్చిందాన్ని తీసుకెళ్ళి వెనక పెట్టడం ఏ చరిత్ర అని అడిగింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. అత్త చేయి పట్టుకుని ఇంటికి పోదాం పద అన్నాను. రేపు సన్మానం పెట్టుకుని ఇవాళ నీ పేరు నువ్వే గోడకెక్కించుకుంటావా, ఊళ్ళో ఎన్ని నోళ్ళు లేస్తాయో తెలుసా అని గుమ్మరించేశాను. ఆమె చేయి విడిపించుకుంది. డైరెక్టరు గారు మధ్యలో దూరి అత్తను కాస్త ఓదార్చబోయారు. ఆ రోజుల్లో అలాంటి పాటలు చాలామంది రాశారు, మీది కూడా వాటిలో ఒక మామూలు పాటే, ఊరికే మనసు కష్టపెట్టుకోకండి అన్నారు. ఆయన ఓదార్పు అలాగే ఉంటుంది.

"మామూలు పాటా?" అంది అత్త. "మామూలుదైతే ఎవడూ కుర్చీలోంచి లేచేవాడు కాదు మాస్టారూ. బ్రహ్మాండంగా కుదిరింది. కుదిరింది కాబట్టే ఇక్కడుండాలంటున్నా."

డైరెక్టరు గారు పట్టు వదలలేదు. "మీ పాట లేకపోయినా యుద్ధం వచ్చేది, పాటమ్మ గారూ."

"యుద్ధం వచ్చేది. నేను కాదన్నానా? మా తమ్ముడు వెళ్ళేవాడు కాదు."

అత్త నా వైపు తిరిగింది. పాఠం చెప్పినట్టే చెప్పింది.

"పిలవకుండానే వెళ్ళాడని ఇన్నేళ్ళూ గొప్పగా చెప్పుకున్నాం కదే. సైన్యం పిలవలేదు. తమ్ముడా అని నేను పిలిచాను. పాటలో తమ్ముడంటే ఊళ్ళో ఎవడో తమ్ముడులే అనుకుని రాశాను. వాడు తననే అనుకున్నాడు."

నేను ఆ స్టూలు పక్కనే నూనె మరకల మీద కూలబడ్డాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. చిన్నప్పటినుంచి దాచుకున్న ఒక్క గొప్పమాట నా చేతిలోంచి జారిపోయింది. నన్ను పెంచిన మనిషే దాన్ని లాగేసుకుంది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. కాసేపటికి అది కూడా తగ్గింది. ఆవిడ ఇదంతా తెలిసే నాకు జడలు వేసింది, తెలిసే అన్నం పెట్టింది, తెలిసే ఊరంతా పాటమ్మా అని పిలుస్తుంటే పలికింది. ఇప్పుడు ఆ పాటకు తన చేత్తో చోటు చూపిస్తోంది. అడ్డుపడడానికి నేనెవర్ని?

లేచి మొహం తుడుచుకుని వడ్రంగిని కేకేశాను. నాలుగో గదిలోంచి ఫ్రేము తెమ్మన్నాను. డైరెక్టరు గారు సంతకాల వరసను కాస్త పక్కకు జరపడానికి తనే చేయి వేశారు. ఏ దేశానికి ఎందుకు యుద్ధం కావలసి వచ్చిందో తన దగ్గర ఉందనీ, మనుషులు ఎందుకు లేచి వెళ్ళారో మాత్రం తన గదిలో నిజంగానే లేదనీ ఆయనే అన్నారు. మేకు నేనే కొట్టాను. సంపాదకీయాలకూ మంత్రుల సంతకాలకూ మధ్య, కంటికి సరైన ఎత్తులో పెట్టాను. ఆ పని నాకు తెలిసినంత బాగా ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

అట్ట మీది మాటలు మాత్రం అత్తే చెప్పింది. నేను రాసుకున్నాను, ఒక్క అక్షరం కోయలేదు. "ఈ పాట యుద్ధానికి ముందే వచ్చింది. రాసినావిడకు ఒక్కడే తమ్ముడు. అతను దీన్ని పాడుకుంటూ వెళ్ళాడు." ఇంకేమైనా చేర్చమంటావా అని అడిగాను. చాలు, చదివేవాళ్ళకు బుర్రలున్నాయి అంది.

ఇక బాణాల మాట వచ్చింది. సాయంత్రంలోగా పీకేసి సరిచేయించమని డైరెక్టరు గారు వడ్రంగికి చెప్పబోయారు. పీకితే నేను ఉద్యోగం మానేస్తానన్నాను. అది బెదిరింపేనని ఆయనకూ తెలుసు. అయినా ఏమనుకున్నారో, ఒంటరిగా వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, బాణాల వెంట గదులన్నీ నడిచి మా దగ్గరకు వచ్చారు. కనుమ నమూనా దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఉండనిద్దాం అన్నారు. కారణాలేమిటని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పిల్లల పాట ఒక్కటే మిగిలింది. అది రద్దు చేయిద్దామన్నాను. అత్త ఒప్పుకోలేదు. పాట వినకపోతే ఆ కుర్రాళ్ళు ఎందుకు వెళ్ళారో జనానికి ఎలా తెలుస్తుందని అడిగింది. గుమ్మం ముందు మాత్రం వద్దు, కారణాల గదిలో పాడాలి, అందరూ అన్నీ చూసి వచ్చాకే పాడాలి అంది. పిల్లలు కూడా ముందు చూడాలి అంది.

మర్నాడు అలాగే జరిగింది. సంగీతం టీచరు పిల్లల్ని వెనక తలుపులోంచి వరసగా తీసుకొచ్చింది. వచ్చేటప్పుడు కిలకిలలాడినవాళ్ళు మూడో గది దాటేసరికి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచారు. కారణాల గదిలో గోడ మీద తాము పాడబోయే పాట కనబడింది. కింద అట్టను గొణుక్కుంటూ చదివారు. సన్మానం చేయడానికి వచ్చిన పెద్దలు మొహాలు చూసుకున్నారు. డైరెక్టరు గారు ఆనాటి ఉపన్యాసంలో కారణాలు చెప్పలేదు. పాట వినండి అని ఒక్క మాట అని కూర్చున్నారు.

పిల్లలు ఎత్తుకున్నారు. అడుగెయ్యరా తమ్ముడా, కనుమ పిలిచింది. పొడుగాటి గది, ఎత్తు పైకప్పు, లేత గొంతులు. పాట ఎంత బాగుందో నేను చెప్పలేను. వింటుంటే వెన్ను దానంతటదే నిటారైంది. మొదటి చరణం అయ్యేసరికి నాకు ఎక్కడికైనా సరే వెళ్ళిపోవాలనిపించింది, ఎక్కడికని అడగాలని కూడా అనిపించలేదు. తండ్రి కొయ్యకాలు ఇచ్చిన పెద్దమనిషి మునివేళ్ళతో తన కర్ర మీద తాళం వేస్తున్నారు. డైరెక్టరు గారి తల ఊగుతోంది.

అత్త స్టూలు మీద కూర్చుని పిల్లల వైపు చూడలేదు, జనం వైపూ చూడలేదు. ఆమె కళ్ళు నేల మీద ఉన్నాయి. ఏం చూస్తోందా అని నేనూ కిందికి చూశాను. నూనె మరకల మీద వరసగా చెప్పులూ బూట్లూ, అన్నీ ఒక్కసారే లేచి ఒక్కసారే పడుతున్నాయి. వాటి మధ్య నా కాలు కూడా ఉంది. అత్త దాన్ని చూసి, నా చేతి మీద చెయ్యి వేసింది.